మూడో బ్యాటరీ కొనకండి, ముందు మీటరు కొనండి

ప్రశ్న: మా మోటార్‌హోమ్ (లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండి) 1990ల నాటిది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. ఇంజనుకు ఒక బ్యాటరీ, లోపలి దీపాలకూ నీళ్ల పంపుకూ హీటరు ఫ్యానుకూ ఇంకొకటి ఉన్నాయి. ఆ రెండోదాంతోనే బాధ. మొదట ఉన్నది పాడైతే మూతలు విప్పి చూశాం, లోపల నీళ్లు ఇంకిపోయి ప్లేట్లు బయటపడ్డాయి. బండి వాడని నెలల్లో కూడా బయటి కరెంటు ప్లగ్గు పెట్టే ఉంచేవాళ్లం. తర్వాత 100 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ తెస్తే మా బావమరిది బిగించాడు. బిగించేటప్పుడు చిన్న మెరుపు మెరిసింది కానీ ఆ తర్వాత అన్నీ పనిచేశాయి. వారం తిరక్కుండానే తంటా మొదలైంది. నాలుగు గంటలు బండి నడిపి ఆపినా తెల్లారేసరికి దీపాలు గుడ్డివైపోతున్నాయి. బయటి కరెంటు పెడితే అన్నీ బాగా వెలుగుతున్నాయి కాబట్టి ఛార్జరు బాగానే ఉందనుకుంటున్నాం. ప్లగ్గు తీసిన రెండు గంటలకు మళ్లీ అదే కథ. బ్యాటరీ ఎంత నిండిందో చూపే గోడ బోర్డు మీట నొక్కితే మాత్రం నాలుగు లైట్లూ వెలిగి 'ఫుల్' అంటోంది. మెకానిక్ చెబితే ఆల్టర్నేటర్ (ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది) కూడా మార్పించాం. ఇంజను బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు వస్తున్నాయన్నాడు. అయినా ఫలితం లేదు. ఇప్పుడు మూడో బ్యాటరీ కొనమంటారా, లిథియంకి మారమంటారా?

సమాధానం: మూడోది కొనకండి. లిథియం సంగతి చివర్లో చెబుతాను. ముందు వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఒకటి తెచ్చుకోండి, మామూలు రకం చాలు. మీ ఉత్తరంలోనే జవాబు ముప్పాతిక వంతు ఉంది. మీటరు మిగతా పావు వంతు చెబుతుంది.

మొదట ఒక చిక్కు విడదీద్దాం. లోపలి భాగానికి మీరు పెట్టిన రెండు బ్యాటరీలూ (దాన్ని ఇకమీదట ఇంటి బ్యాటరీ అంటాను) ఒకే రోగంతో పోలేదు. మొదటిది అతిగా తిని పోయింది, రెండోది తిండి లేక పోతోంది. పాత మోటార్‌హోమ్‌లలో వచ్చే ఛార్జరుకు (కన్వర్టర్ అని కూడా అంటారు) తెలివి తక్కువ. ఇప్పటి ఛార్జర్లు ముందు 14.4 వోల్టుల దాకా ఎక్కించి, బ్యాటరీ నిండగానే 13.5 దగ్గరికి దిగి కాపు కాస్తాయి. పాతవి పగలూ రాత్రీ ఒకే వోల్టేజీ, దాదాపు 13.6 నుంచి 13.8, పట్టుకుని కూర్చుంటాయి. ఖాళీ బ్యాటరీని నింపడానికి అది చాలదు, నిండిన దాన్ని నెలల తరబడి ఉంచడానికి అది ఎక్కువ. ఎండాకాలంలో మరీ ఎక్కువ. నీళ్లు కొద్దికొద్దిగా వాయువులై పోతాయి. మీరు చూసిన ప్లేట్లు అందుకే బయటపడ్డాయి. ఆ కేసు అక్కడికి మూసేయవచ్చు. ఇకమీదట నెలకోసారి మూతలు తీసి చూడండి. ప్లేట్లు మునిగి ఉంటే, ఛార్జింగ్ పూర్తయ్యాక డిస్టిల్డ్ వాటర్ పోయండి. ముందే అంచుదాకా నింపితే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికి వస్తుంది. ప్లేట్లు పైకి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంతవరకూ పోశాకే ఛార్జింగ్ పెట్టాలి.

రెండోదాని సంగతికి వద్దాం. నన్ను పట్టుకున్న మాట 'బయటి కరెంటు పెడితే అన్నీ వెలుగుతున్నాయి కాబట్టి ఛార్జరు బాగానే ఉంది' అన్నది. అందరూ ఇక్కడే బోల్తా పడతారు. ఛార్జరు 12 వోల్టులు తయారుచేసి రెండు దారుల్లో పంపుతుంది. ఒకటి దీపాలకు, ఒకటి బ్యాటరీకి. బ్యాటరీ దారి పూర్తిగా తెగిపోయినా దీపాల దారి ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంటుంది. ప్లగ్గు ఉన్నంతసేపూ మీ దీపాలు బ్యాటరీ ముఖం చూడటం లేదు. ఛార్జరు పుట్టిస్తున్న కరెంటుతోనే వెలుగుతున్నాయి. దీపం వెలిగిందంటే ఛార్జరు పనిచేస్తోందని తెలుస్తుంది, బ్యాటరీ నిండుతోందని కాదు.

గోడ మీది నాలుగు లైట్లనూ నమ్మకండి. ఛార్జింగ్ పెట్టి ఉన్నప్పుడు, తీసిన కాసేపటి వరకూ, ఏ బ్యాటరీ అయినా నిండినట్టే వోల్టేజీ చూపిస్తుంది. పైన పటారం, లోన లొటారం. నిజం తెలియాలంటే ఛార్జింగూ వాడకమూ రెండూ ఆపి, నాలుగైదు గంటలు వదిలేసి కొలవాలి. అప్పుడు 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8 కంటే దిగితే ఇక ఏమీ లేనట్టే. పాయింటు తర్వాత అంకెకు ఇక్కడ ఎంత విలువ ఉందో చూశారు కదా. నాలుగు లైట్ల బోర్డుకు అంత సూక్ష్మం ఎక్కడినుంచి వస్తుంది?

ఇక ఆ మెరుపు. దానికి ముందు బండి నడిపాక రాత్రి గడిచేది, ప్లగ్గు పెడితే బ్యాటరీ నిండేది. ఆ రోజు తర్వాత ఇంజను నుంచీ నిండటం లేదు, ప్లగ్గు నుంచీ నిండటం లేదు. రెండు వేరువేరు దారులు ఒకే వారంలో మూసుకుపోయాయంటే, ఆల్టర్నేటర్‌ను అనుమానించడానికి ముందు ఆ రోజు ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో చూడాలి. పడింది బ్యాటరీ పెట్టెలో. మీ బావమరిదిని తప్పుపట్టడం లేదు. ఇదే పని నేనూ చేశాను, ఆ కథ కింద చెబుతాను.

పెట్టె తెరవండి. అంతకుముందు ప్లగ్గు పీకి, ఇంజను ఆపి, చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంటుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. ఈ ఒక్క క్రమం పాటిస్తే స్పానరు పొరపాటున బాడీకి తగిలినా రవ్వ రాదు.

ఇప్పుడు పాజిటివ్ మీదికి ఎన్ని వైర్లు వచ్చాయో లెక్కపెట్టండి. పాత బండ్లలో ఒక్కో టెర్మినల్ మీద మూడు నాలుగు లగ్గులు (వైరు చివరి లోహపు రింగులు) పేర్చి ఉంటాయి. ఒకటి ఛార్జరుకు, ఒకటి ఇంజను వైపు రిలేకు (రెండు బ్యాటరీలను కలిపే స్విచ్), ఒకటి లోపలి ఫ్యూజు బోర్డుకు, ఒక్కోసారి సోలార్‌కు ఒక సన్నటిది. బిగించేటప్పుడు వీటిలో ఒకటి వెనక్కి జారి పెట్టె మూలలో దాక్కుంటే ఎవరూ గమనించరు, ఎందుకంటే దీపాలు వెలుగుతున్నాయి కదా. నెగెటివ్ వైపూ అంతే. ఒకటి లోపలి బోర్డుకు, ఒకటి బండి ఛాసిస్‌కు, అంటే కింది ఇనుప చట్రానికి, పోతుంది. ఛాసిస్‌కు పోయేది వదిలేస్తే దీపాలకు ఏ లోటూ ఉండదు, ఇంజను పంపే కరెంటుకు మాత్రం తిరిగి వెళ్లే దారి ఉండదు. వేలాడుతున్న లగ్గు దొరికిందా, మీ ఇంజను సమస్య అక్కడికి తీరినట్టే.

మెరుపుకు ఇంకో అర్థం కూడా ఉంది. కొత్త బ్యాటరీలో టెర్మినల్స్ పాతదానికి ఎదురుగా ఉండి, వైరు ఒక్క క్షణం తప్పు వైపు తగిలి ఉండవచ్చు. రంగు చూసి మోసపోవడం కూడా మామూలే. కార్లలో నలుపు అంటే నెగెటివ్. కానీ అమెరికాలో తయారైన చాలా మోటార్‌హోమ్‌లలో ఇంటి భాగానికి నలుపు పాజిటివ్, తెలుపు నెగెటివ్. అలా తారుమారుగా తగిలినప్పుడు ఛార్జరును కాపాడటానికే దానిలో ఫ్యూజులు పెడతారు. సాధారణంగా రెండు పక్కపక్కనే, 30 లేదా 40 ఆంపియర్లవి, మిగతా ఫ్యూజులకు కాస్త ఎడంగా ఉంటాయి. అవి పోతే దీపాల దారి బాగానే ఉంటుంది, బ్యాటరీ దారి తెగుతుంది. మీ ఉత్తరంలోని ప్లగ్గు కథ అచ్చంగా ఇదే. నేను పందెం కాయవలసి వస్తే దీని మీదే కాస్తాను.

ఫ్యూజును కంటితో చూసి తేల్చకండి. తీసి మీటరుతో కంటిన్యుటీ, అంటే లోపలి తీగ తెగకుండా ఉందా అన్నది, చూడండి. పోయి ఉంటే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి, పెద్దది వేయకండి. వేసిన వెంటనే మళ్లీ పోయిందంటే లోపల ఏదో షార్ట్ అయిందని అర్థం, అక్కడ ఆగి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఛార్జరులో బయటి కరెంటు వచ్చే వైపు మూత మాత్రం మీరు విప్పవద్దు, అది 12 వోల్టుల ఆట కాదు. తలుపు దగ్గర బ్యాటరీని వేరుచేసే స్విచ్ ఉంటే అదీ చూడండి. కొన్ని బండ్లలో అది 'నిల్వ' వైపు ఉంటే ఛార్జరు ఎంత పనిచేసినా బ్యాటరీకి చుక్క చేరదు.

ఇవయ్యాక కొలవండి. మీటరు ముల్లును (దాని వైరు చివరి మొనను) బ్యాటరీ సీసపు దిమ్మ మీదే పెట్టాలి, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద కాదు. ఆ రెండింటి మధ్యే దొంగ ఉండవచ్చు. ప్లగ్గు పెట్టకముందు ఎంతుందో రాసుకోండి. పెట్టాక పావుగంటకు మళ్లీ చూడండి. 12.3 కాస్తా 13 దాటి పెరుగుతూ పోతే ఛార్జరు దారి తెరుచుకున్నట్టు. కదలకపోతే ఇంకా తెగే ఉంది. ప్లగ్గు తీసి, ఇంజను వేసి, కాస్త రేజ్ చేసి ఇలాగే చూడండి. ఇంజను బ్యాటరీ దగ్గర 14.2 ఉండి ఇంటి బ్యాటరీ దగ్గర 12.5 దగ్గరే నిలబడితే మధ్యలో దారి లేదు. అక్కడ 13.2 వస్తే దారి ఉంది కానీ ఇరుకు.

దారి లేకపోతే రిలే వైపు చూడండి. ఇంజను తిరిగేటప్పుడు రెండు బ్యాటరీలను కలిపి, ఆగగానే విడదీసేది అదే. ఇంజను వేయగానే 'టక్' మంటుంది. కానీ ఆ చప్పుడు విని సంతోషపడకండి. లోపలి కాంటాక్టులు కాలి నల్లబడినా చప్పుడు అలాగే వస్తుంది. చప్పుడు వచ్చాక రెండు పెద్ద బోల్టుల మీద చెరో ముల్లు పెట్టండి. తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే రిలే పోయింది. కొత్తది కొనేటప్పుడు ఎడతెరిపి లేకుండా పనిచేసే రకమే అడిగి తీసుకోండి. స్టార్టరుకు వాడే సొలెనాయిడ్ చూడటానికి కవలపిల్లలా ఉంటుంది కానీ అది కొన్ని సెకన్లు పనిచేయడానికి చేసింది. గంటల తరబడి వాడితే మాడిపోతుంది.

చప్పుడే రాకపోతే రిలేకు సంకేతం అందడం లేదు. చాలా బండ్లలో ఆ సంకేతం ఆల్టర్నేటర్ వెనక నుంచి వచ్చే ఒక సన్న వైరు. మీరు ఆల్టర్నేటర్ మార్పించారు. పాతది విప్పినప్పుడు ఆ వైరు ఊడి, కొత్తదానికి మళ్లీ తగిలించకపోతే మీకున్న చిక్కుకు ఇంకొకటి తోడైనట్టే. మెకానిక్‌ను అడగండి. కొన్ని బండ్లలో రిలే బదులు రెక్కలున్న అల్యూమినియం దిమ్మ, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఐసొలేటర్, ఉంటుంది. దానిలో తేడా 0.7 వోల్టు దాకా ఉండటం సహజం. అది చెడిపోయినట్టు కాదు, దాని స్వభావమే అంత. అందుకే నాకది పెద్దగా నచ్చదు.

దారి ఇరుకుగా ఉందంటే కష్టమంతా జాయింట్లలో ఉంటుంది. నా కథ ఇక్కడే. ఒకసారి బ్యాటరీ పెట్టె తుడిచి, రంగు వేసి, అంతా తిరిగి బిగించాను. చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత బ్యాటరీ సరిగా నిండటం మానేసింది. ఛార్జరు మార్చాను. రిలే మార్చాను. ఫ్యూజులు మార్చాను. చివరికి తేలిందేమిటంటే, ఛాసిస్‌కు పోయే ఎర్త్ లగ్గు కింద నేను వేసిన రంగే అడ్డం. ఇనుముకూ రాగికీ మధ్య చక్కటి పొర. ఉప్పు కాగితంతో రెండు నిమిషాలు గీకితే సరిపోయింది. ఛార్జరు పెట్టె మాత్రం ఇప్పటికీ అటక మీద ఉంది.

ఆ రోజు నాకు తెలియని పరీక్ష ఇది. ఇంజను తిరుగుతూ, ఇంటి బ్యాటరీ కాస్త ఖాళీగా ఉన్నప్పుడు, మీటరు ఎర్ర ముల్లు ఇంజను బ్యాటరీ పాజిటివ్ దిమ్మ మీద, నల్ల ముల్లు ఇంటి బ్యాటరీ పాజిటివ్ దిమ్మ మీద పెట్టండి. ముల్లు వైరు చాలకపోతే ఏదైనా పొడుగు వైరు కలపండి. మీటరు చూపించేది దారిలో పోతున్న వోల్టేజీ. 0.2, 0.3 అయితే సరే. 0.8, 1 అయితే మధ్యలో ఎక్కడో దోపిడీ జరుగుతోంది. ఒక ముల్లు అక్కడే ఉంచి రెండోదాన్ని ఒక్కో జాయింటు దాటిస్తూ రండి. ఫ్యూజు హోల్డరుకు ఇటు, అటు. రిలేకు ఇటు, అటు. అంకె ఎక్కడ గబుక్కున మారిందో దొంగ అక్కడ. తర్వాత నెగెటివ్ వైపూ ఇదే చేయండి. దాన్ని అందరూ మర్చిపోతారు, పాత బండ్లలో సగం జబ్బులు అక్కడే. ఫ్యూజు బాగుండి దాని హోల్డరు పచ్చటి చిలుము పట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను. వేలితో ముట్టుకుంటే వేడిగా ఉన్న జాయింటు ఏదైనా సరే విప్పి శుభ్రం చేయవలసిందే.

జాయింట్లన్నీ బాగుండీ వోల్టేజీ పడిపోతుంటే వైరే సన్నం. ముందు నుంచి వెనక్కి 6 మీటర్ల దూరం అనుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 20 ఆంపియర్లు పోతే ఒక్క పాజిటివ్ వైపే దాదాపు 0.8 వోల్టు ఆవిరవుతుంది. 16 చదరపు మిల్లీమీటర్లదైతే 0.13. కొత్త వైరు వేస్తే రెండు చివర్లా, బ్యాటరీలకు దగ్గరగా, వైరుకు తగ్గ ఫ్యూజు తప్పనిసరి. రెండు వైపులా బ్యాటరీ ఉంది కాబట్టి మధ్యలో వైరు ఒరుసుకుంటే రెండు వైపుల నుంచీ మంట వస్తుంది.

మీ బండిలో గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్ ఉంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. 12 వోల్టుల మీద అది 10 నుంచి 14 ఆంపియర్లు తాగుతుంది. ఇంజను తిరిగేటప్పుడు మాత్రమే ఫ్రిజ్ మీట 12 వోల్టుల మీద ఉండాలి. బండి ఆపాక గ్యాసుకు మార్చడం మర్చిపోతే, లేదా దాని రిలే అతుక్కుపోతే, ఒక్క పూటలో బ్యాటరీ ఊడ్చిపెట్టుకుపోతుంది. అప్పుడు ఎన్ని గంటలు నడిపినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. హీటరు ఫ్యాను కూడా తక్కువది కాదు, పాత రకాలు తిరిగినంతసేపూ 5 నుంచి 8 ఆంపియర్లు లాగుతాయి. మీ 100 ఆంపియర్ అవర్లలో మనసులో బెంగ లేకుండా వాడుకోగలిగింది సగమే. చలిరాత్రి ఫ్యాను ఆరేడు గంటలు తిరిగితే ఏ జబ్బూ లేని బ్యాటరీ కూడా తెల్లారేసరికి చేతులెత్తేస్తుంది. బాగుచేశాక కూడా ఈ లెక్క మారదు.

ఇన్నాళ్లు పస్తులున్న మీ రెండో బ్యాటరీ బతికే ఉందా అన్నది తేల్చాలి. ఖాళీగా ఉంచిన కొద్దీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, వారాలు గడిస్తే ఇక కరగదు. దాన్ని బయటికి తీసి, మూడు దశల ఛార్జరు (పైన చెప్పిన ఇప్పటి రకం) పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. గాలి ఆడే చోట సుమా. తర్వాత ఒక రాత్రి ఊరికే ఉంచి కొలవండి. 12.6 పైన నిలిస్తే ఆశ ఉంది. 10.5 దగ్గర ఆగిపోతే ఆరు సెల్‌లలో ఒకటి షార్ట్ అయింది, దానికి మందు లేదు. మూతలు తెరిచే రకమైతే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్ చూడండి. నిండిన సెల్ 1.265 దగ్గర ఉండాలి. సెల్‌కూ సెల్‌కూ 0.050 కంటే తేడా వస్తే దాన్ని నమ్ముకుని దూరప్రయాణం పెట్టుకోకండి.

లిథియం మంచిదే, కానీ ఇప్పుడు మీకు కాదు. దాని లోపలి నిరోధం చాలా తక్కువ, ఎంత కరెంటు ఇస్తే అంతా తాగుతుంది. మీ సన్నటి వైర్లూ, కొత్తగా వేయించిన ఆల్టర్నేటరూ వేడెక్కిపోతాయి, ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు మరీ. దానికి మధ్యలో, కరెంటును అదుపులో ఉంచి పంపే డీసీ టు డీసీ ఛార్జరు పెట్టాలి. మీ పాత కన్వర్టర్ 13.6 వోల్టులతో దాన్ని పూర్తిగా నింపడానికి ఆపసోపాలు పడుతుంది కాబట్టి అదీ మార్చాలి. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదన్న నియమం ఒకటి. పైగా ఆ నాలుగు లైట్ల బోర్డు ఇంకా పెద్ద అబద్ధం చెబుతుంది, లిథియం ఖాళీ అయ్యేదాకా 13 వోల్టుల దగ్గరే నిలబడుతుంది మరి. డబ్బు చేతిలో ఉంటే ముందు ఛార్జరు మార్చండి, మూడు దశలదీ, లిథియం మోడ్ ఉన్నదీ. రేపు ఏ బ్యాటరీ వేసినా అది పనికొస్తుంది.

ముందు మాత్రం ఆ బ్యాటరీ పెట్టె మూత తెరిచి లగ్గులు లెక్కపెట్టండి, తర్వాత ఛార్జరులోని ఆ రెండు ఫ్యూజులు చూడండి. రెండూ బాగుంటే ప్లగ్గు పెట్టకముందు, పెట్టాక, ఇంజను వేశాక ఇంటి బ్యాటరీ దగ్గర వచ్చిన మూడు అంకెలూ నాకు రాయండి.